బేగంపేట నుంచి శంషాబాదు దాకా

మన కథల్లో విమానాశ్రయం తరచుగానే కనిపిస్తుంది. కొడుకు అమెరికా బయలుదేరుతాడు, తల్లి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటుంది, గాజు తలుపులు మూసుకుంటాయి, కథ ముగుస్తుంది. ఇలాంటి ముగింపులను లెక్కపెట్టడం నేను ఎప్పుడో మానేశాను. ఆ కన్నీళ్ళు అబద్ధమని నేననను. కాని ఆ కథ నడిచిన చోటుకు మాత్రం నిజం లేదు. గాజు తలుపుల బదులు రైలు ప్లాట్‌ఫారాన్ని పెట్టినా, బస్టాండును పెట్టినా అందులో ఒక్క వాక్యం మార్చనక్కరలేదు. వస్తువును పరిశీలించకుండా వాతావరణాన్ని మాత్రం అరువు తెచ్చుకుంటే జరిగేది ఇదే.

ఈ వ్యాసంలో నేను చేయదలచుకున్న పని చిన్నది. హైదరాబాదు విమానాశ్రయం ఎలా పుట్టింది, ఎలా పెరిగింది, బేగంపేట వదిలి శంషాబాదుకు ఎందుకు పోయింది అన్నది వరసగా వివరించడం. ఇది ఇంజినీర్ల కోసం కాదు, రాసేవాళ్ళ కోసం, సాహిత్యం చదువుకునేవాళ్ళ కోసం. ఈ చరిత్రను యంత్రాల వరసలో చెప్పుకుంటే సాంకేతిక ప్రగతి కథ అవుతుంది. నేల ఎవరిది, పెట్టుబడి ఎవరిది, లోపలికి పోయే హక్కు ఎవరిది అని అడుగుతూ చెప్పుకుంటే సమాజ చరిత్ర అవుతుంది. సుమారు తొంభై ఏళ్ళలో ఈ ప్రశ్నలకు జవాబు రెండుసార్లు మారింది. మొదట ప్రభువు, తరవాత ప్రభుత్వం, ఆ తరవాత కంపెనీ.

ముందు పేర్ల సంగతి. తెలంగాణ పల్లెల్లో విమానాన్ని 'గాలిమోటరు' అన్నారు. మోటరును చూసినవాళ్ళు గాలిలో పోయే మోటరుకు పెట్టుకున్న పేరు అది. నగరంలో ఉర్దూ మాట్లాడేవాళ్ళకు విమానాలు దిగే చోటు 'హవాయీ అడ్డా'. గ్రాంథిక తెలుగు పురాణాల పుష్పక విమానం నుంచి మాట తీసుకుని, దానికి 'ఆశ్రయం' చేర్చింది. విమానానికి ఆశ్రయం సరే. ఆ నేల మీద అంతకు ముందు ఆశ్రయం ఉన్నవాళ్ళు ఏమయ్యారన్నది ఆ పదంలో లేదు. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

ప్రభువు కాలం

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో, 1930ల్లో, బేగంపేటలో ఏరో క్లబ్బు వెలిసింది. నిజాం ఇంటి ఆడపడుచుకు పెళ్ళి కానుకగా ఇచ్చిన జాగా కాబట్టి ఆ ఊరికి బేగంపేట అని పేరు వచ్చిందంటారు. అప్పట్లో విమానం నడపడమన్నది గుర్రపు పందేల వంటి సంపన్నుల వినోదం. విమానాశ్రయం మన గడ్డ మీద మొదట ప్రయాణ సాధనంగా కాక హోదాకు గుర్తుగా మొదలైందన్న మాట.

1945లో డెక్కన్ ఎయిర్‌వేస్ ఏర్పడింది. అందులో పెద్ద వాటా నిజాం ప్రభుత్వానిది, మిగతాది టాటాలది. యుద్ధం ముగిశాక చౌకగా దొరికిన డకోటా విమానాలతో 1946లో ఈ సంస్థ సర్వీసులు నడపసాగింది. ఇక్కడ ఒక తేదీని పక్కన పెట్టి చూడమని కోరుతున్నాను. అదే 1946లో, జులై 4న, కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల తుపాకీకి బలయ్యాడు. ఒకే రాజ్యంలో, ఒకే ఏడాదిలో, పైన డకోటాలు ఎగురుతున్నాయి, కింద వెట్టిచాకిరీ నడుస్తున్నది. ఆధునికత వస్తే భూస్వామ్యం దానంతట అదే తొలగిపోతుందని నమ్మేవాళ్ళు ఈ రెండు సంగతులనూ కలిపి ఆలోచించాలి. యంత్రాన్ని తెచ్చినవాడు సంబంధాలను మార్చనక్కరలేదు. పాత సంబంధాల మీదే కొత్త యంత్రాన్ని నడిపించుకోగలడు.

అయితే చరిత్ర ఒకే దారిలో నడవదు. భారతదేశంలో విమానం నడిపే లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్ అనే మహిళను సంస్థలు ఒకదాని తరవాత ఒకటి నిరాకరిస్తూ వచ్చాయి. 1947లో ఆమెకు ఉద్యోగం ఇచ్చింది ఈ డెక్కన్ ఎయిర్‌వేసే. అలా మన దేశపు తొలి మహిళా కమర్షియల్ పైలట్ హైదరాబాదు సంస్థలో చేరింది. నిజాం కాలాన్ని చిత్రించే రచయిత గడీని మాత్రమే చూసి ఊరుకుంటే ఇలాంటి వైరుధ్యాలు జారిపోతాయి.

1948లో ఆకాశం యుద్ధరంగమైంది. భారత ప్రభుత్వం హైదరాబాదును దిగ్బంధం చేసినప్పుడు, సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు పాకిస్తాన్ నుంచి రాత్రివేళల్లో విమానాలలో ఆయుధాలు తెచ్చి రాజ్యంలో దింపాడు. సెప్టెంబరులో సైనిక చర్య ముగిసి నిజాం లొంగిపోయాడు. 1949లో సర్దార్ పటేల్ హైదరాబాదు వచ్చినప్పుడు నిజాం బేగంపేట విమానాశ్రయానికి స్వయంగా వచ్చి చేతులు జోడించి స్వాగతం చెప్పాడు. ఆ ఫోటో మనలో చాలామంది చూసిందే. అధికారం చేతులు మారిన తీరు ఆ నమస్కారంలో ఉన్నది. అది కోటలో కాక, దర్బారులో కాక, విమానాశ్రయంలో జరిగింది. రాజు ఎదురేగి స్వాగతం చెప్పవలసిన సింహద్వారం అక్కడికి మారింది.

ప్రభుత్వం కాలం

1953లో పార్లమెంటు ఎయిర్ కార్పొరేషన్ల చట్టం చేసింది. ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి దేశంలోని ప్రైవేటు విమాన సంస్థలు జాతీయమయ్యాయి. డెక్కన్ ఎయిర్‌వేస్ మరికొన్ని సంస్థలతో పాటు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. బేగంపేట ప్రజల ఆస్తి అయింది. ప్రజల ఆస్తి అయినంత మాత్రాన ప్రజలు ఎక్కగలిగారని కాదు. దశాబ్దాల పాటు విమానం మంత్రులకు, ఉన్నతాధికారులకు, వ్యాపారులకు, సినిమావాళ్ళకు మాత్రమే అందింది. కాని ఒక సంగతి గమనించాలి. మన దేశపు విమానాశ్రయాల్లో ఆ రోజుల్లో సందర్శకుల టికెట్టు కొనుక్కొని లోపలికి పోయి విమానాలను చూడవచ్చు. ఎక్కలేనివాడికి చూసే హక్కయినా ఉండేది. 1999 డిసెంబరులో జరిగిన కాందహార్ హైజాక్ తరవాత, 2000 నుంచి, విమానాశ్రయాల కాపలా క్రమంగా కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం చేతికి వచ్చింది. టికెట్టు లేనివాడు గుమ్మం బయటే ఆగవలసిన స్థితి స్థిరపడింది. భద్రతకు కారణాలున్నాయి, కాదనను. కాని మన కథల్లోని గాజు తలుపులు ఎప్పుడు, ఎందుకు మూసుకున్నాయో రచయితకు తెలిసి ఉండాలి కదా!

బేగంపేటకు తెలుగు రాజకీయ చరిత్రలో మరో స్థానం కూడా ఉంది. 1982 ఫిబ్రవరిలో అప్పటి అమేథీ ఎంపీ, అంతకు ముందు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో పైలట్‌గా పనిచేసిన రాజీవ్ గాంధీ హైదరాబాదు వచ్చాడు. ముఖ్యమంత్రి టి. అంజయ్య మందీ మార్బలంతో, పూలదండలతో స్వాగతం పలకడానికి బేగంపేటకు వెళ్ళాడు. ఆ హడావిడి చూసి రాజీవ్ అందరి ముందూ ఆయనను చిన్నబుచ్చాడు. అంజయ్య ఆల్విన్ ఫ్యాక్టరీలో కార్మికుడిగా బతుకు మొదలుపెట్టి కార్మిక నాయకుడైనవాడు. ఆ నెలలోనే ఆయన పదవి పోయింది. మార్చి 29న ఎన్.టి. రామారావు తెలుగుదేశం పార్టీని ప్రకటించాడు. తెలుగువారి ఆత్మగౌరవం నినాదమైంది. 1983 జనవరిలో ప్రభుత్వం మారింది. విమానాశ్రయంలో ఒక అవమానం మాత్రమే ప్రభుత్వాన్ని మార్చిందనడం చరిత్రను చులకన చేయడమే. ఢిల్లీ నుంచి ముఖ్యమంత్రులను మార్చే పద్ధతి మీద జనంలో పేరుకున్న కోపం అసలు కారణం. కాని ఆ కోపం ఒక దృశ్యం కోసం ఎదురుచూసింది. ఆ దృశ్యం బేగంపేటలో దొరికింది.

దీనికి కొనసాగింపు మరింత ఆలోచింపజేస్తుంది. 2008లో శంషాబాదులో తెరిచిన కొత్త విమానాశ్రయానికి పెట్టిన పేరు రాజీవ్ గాంధీది. బేగంపేటలో దేశీయ టెర్మినల్‌కు ఉండిన ఎన్.టి.ఆర్. పేరు కొత్త చోటికి రాలేదని వివాదం లేచింది. 2014 నవంబరులో కేంద్రం శంషాబాదు దేశీయ టెర్మినల్‌కు ఎన్.టి.ఆర్. పేరు పెడుతున్నట్టు చెప్పగానే, అప్పటికి కొత్తగా ఏర్పడిన తెలంగాణ రాష్ట్ర శాసనసభ దానిని వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది. పేర్ల కోసం ఇంత పోరు జరిగింది. నేల ఇచ్చిన ఊళ్ళ పేర్లు ఆ పోరులో ఎవరి నోటా రాలేదు.

కంపెనీ కాలం

బేగంపేట ఎందుకు చాలలేదో ఇప్పుడు చూద్దాం. ఊరి చివర పుట్టిన విమానాశ్రయాన్ని నగరం నాలుగు వైపులా చుట్టుముట్టింది. అక్కడి రన్‌వే సుమారు 3,200 మీటర్లు. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న పీఠభూమి. ఎత్తు పెరిగినకొద్దీ గాలి పలచబడుతుంది, ఎండ ముదిరితే ఇంకా పలచబడుతుంది. పలచని గాలిలో రెక్కలు బరువును మోయాలంటే విమానం మరింత వేగం అందుకోవాలి, అందుకు మరింత దూరం పరుగెత్తాలి. కాబట్టి పెద్ద విమానం నిండా బరువుతో దూరదేశానికి పోవాలంటే పొడుగాటి రన్‌వే కావాలి. బేగంపేటలో పొడిగించడానికి చోటు లేదు. మూసే నాటికి ఏడాదికి సుమారు 70 లక్షల మంది ప్రయాణికులు ఆ ఇరుకులోంచే పోతున్నారు. కొత్త విమానాశ్రయం అవసరం నిజమైనదే. అవసరాన్ని కాదని వాదించడం విమర్శ కాదు. ఆ అవసరం ఏ షరతుల మీద తీరిందన్నదే మనం అడగవలసిన ప్రశ్న.

1994లో పార్లమెంటు 1953 నాటి చట్టాన్ని రద్దు చేసింది. విమానయానం మళ్ళీ ప్రైవేటు పెట్టుబడికి తెరుచుకుంది. ఆ వరసలోనే శంషాబాదు వచ్చింది. 2004 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వానికి, కొత్తగా ఏర్పడిన విమానాశ్రయ కంపెనీకి ఒప్పందం కుదిరింది. కంపెనీలో 63 శాతం జి.ఎం.ఆర్. సంస్థది, 11 శాతం మలేసియా విమానాశ్రయాల సంస్థది, 13 శాతం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది, 13 శాతం రాష్ట్ర ప్రభుత్వానిది. మలేసియా వాటాను కూడా తరవాత జి.ఎం.ఆర్. కొనుక్కుంది. 2005 మార్చిలో శంకుస్థాపన జరిగింది. 2008 మార్చి 14న ప్రారంభోత్సవం, 23న విమానాల రాకపోకలు మొదలు.

ఒప్పందంలోని అంశాలు కథకు ప్లాటు వంటివి, అందుకే చెబుతున్నాను. సుమారు 5,500 ఎకరాల భూమిని రాష్ట్ర ప్రభుత్వం లీజుకు ఇచ్చింది. దానికి తోడు 107 కోట్ల రూపాయలు గ్రాంటుగా, 315 కోట్లు వడ్డీ లేని అప్పుగా ఇచ్చింది. కంపెనీ తన మొత్తం రాబడిలో 4 శాతం కేంద్రానికి చెల్లించాలి. మొదటి పదేళ్ళ బాకీని మాత్రం ఆ తరవాత వాయిదాల్లో కట్టుకోవచ్చు. గడువు 30 ఏళ్ళు, కంపెనీ కోరితే మరో 30 ఏళ్ళు. ఆ పొడిగింపు కూడా వచ్చి గడువు 2068 దాకా సాగింది. ప్రయాణికుడు టికెట్టుతో పాటు విమానాశ్రయాన్ని వాడుకున్నందుకు వేరే రుసుము కట్టాలి. భూమి ప్రజలది, తొలి సొమ్ములో భాగం ప్రజలది, రుసుము ప్రజలది, అధిక వాటా కంపెనీది. దీనిని 'భాగస్వామ్యం' అన్నారు. పల్లెలో కౌలు ఒప్పందాల గురించి ఎన్నో మంచి కథలు రాసిన మనం, ఇంత పెద్ద కౌలు ఒప్పందాన్ని చదవకుండా వదిలేశాం.

ఇక భూమి సంగతి. మామిడిపల్లి, గొల్లపల్లి వంటి ఊళ్ళ పొలాలు విమానాశ్రయం కింద పోయాయి. అప్పుడు అమల్లో ఉన్నది 1894 నాటి బ్రిటిష్ భూసేకరణ చట్టం. ఆ చట్టం చూపు పట్టా కాగితం మీద. నోటిఫికేషన్ నాటి మార్కెట్ ధర కట్టి, దాని మీద 30 శాతం అదనం కలిపి పట్టాదారుకు ఇస్తే దాని బాధ్యత తీరింది. ఆ పొలంలో కలుపు తీసిన కూలిమనిషి, ఆ బీళ్ళలో మందను మేపిన గొల్ల, నోటి మాట మీద పొలం చేసిన కౌలుదారు ఆ చట్టానికి కనిపించరు. 2013లో వచ్చిన కొత్త భూసేకరణ చట్టం కౌలుదారులను, కూలీలను కూడా నష్టపోయిన కుటుంబాలుగా గుర్తించింది. అదనాన్ని నూరు శాతానికి పెంచింది. కాని శంషాబాదు అప్పటికే కట్టి నడుస్తున్నది. పరిహారం పుచ్చుకున్నవాడు కూడా మరో మోసానికి లోనయ్యాడు. విమానాశ్రయం వచ్చాక చుట్టుపక్కల ఎకరాల లెక్క పోయి గజాల లెక్క వచ్చింది. ఆ పెరుగుదల ఎవరి భూమి వల్ల వచ్చిందో వారికి అందులో పాలు లేదు.

పాత విమానాశ్రయాన్ని మూయడం కూడా ఒప్పందంలో భాగమే. దానిని వ్యతిరేకిస్తూ 2008 మార్చిలో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఉద్యోగులు దేశమంతటా సమ్మెకు దిగారు. హైదరాబాదు, బెంగళూరు పాత విమానాశ్రయాలు కొనసాగాలన్నది వారి కోరిక. సమ్మె ముగిసింది, బేగంపేట మూతపడింది. ఇప్పుడు అక్కడ ప్రముఖుల విమానాలు, వైమానిక దళం, శిక్షణ, ప్రదర్శనలు మిగిలాయి. ఒక రకంగా అది మొదలైన చోటికే, హోదా దగ్గరికే, తిరిగి వచ్చింది.

ఒప్పందంలో మరొక షరతు ఉంది. ప్రారంభమైన నాటి నుంచి 25 ఏళ్ళ దాకా 150 కిలోమీటర్ల లోపల మరో పౌర విమానాశ్రయం రాకూడదు. వరంగల్లు పక్కన మామునూరులో నిజాం కాలం నాటి విమానాశ్రయం ఉంది. అది ఆ పరిధిలోకే వస్తుంది. తిరిగి తెరవాలని వరంగల్లు ప్రజలు ఎంత అడిగినా ఈ షరతు అడ్డుగా నిలిచింది. 2025 ఫిబ్రవరిలో, కంపెనీ అభ్యంతరం లేదన్న తరవాతే, కేంద్రం అనుమతి ఇచ్చింది. ఒక జిల్లా ఆకాశానికి తాళం వేసి తాళంచెవి ఒక కంపెనీకి ఇవ్వవచ్చునన్నది మన కాలం కనిపెట్టిన కొత్త విషయం. నిజాం కూడా అంత దూరం ఆలోచించలేదు.

ఎక్కేవాళ్ళెవరు

మరోవైపు కూడా చూడాలి. 4,260 మీటర్ల రన్‌వేతో, ఏడాదికి కోటి 20 లక్షల మందికి సరిపోయేలా మొదలైన శంషాబాదు, విస్తరణ తరవాత 3 కోట్ల 40 లక్షల మందికి సరిపోయేలా పెరిగింది. 2023-24లో సుమారు రెండున్నర కోట్ల మంది దీని మీదుగా ప్రయాణించారు. మన మందుల కంపెనీల సరుకు చల్లదనం చెడకుండా ఇక్కడినుంచే దేశాలకు పోతున్నది. మధ్యతరగతి మనిషి విమానం ఎక్కాడు. ఇది నిజమైన మార్పు. దీనిని చూడనివాడు వాస్తవికవాది కాడు.

కాని ఆ రెండున్నర కోట్లలో ఒక వర్గం మన కథల్లో తక్కువగా కనిపిస్తుంది. 1970ల నుంచి కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ పల్లెల నుంచి మనుషులు గల్ఫ్ దేశాలకు పనికి పోతున్నారు. చాలా కాలం వాళ్ళ తోవ బొంబాయి మీదుగా సాగింది. ఏజెంట్లు, లాడ్జీలు, పడిగాపులు అన్నీ అక్కడే. తరవాత హైదరాబాదు నుంచే విమానం దొరికింది. వీళ్ళ పాసుపోర్టులో 1983 వలస చట్టం ప్రకారం ఒక గుర్తు ఉంటుంది. పదో తరగతి పాసుకానివాడు గల్ఫ్‌లో పనికి పోవాలంటే ప్రభుత్వ అధికారి అనుమతి కావాలి. మోసపోకుండా కాపాడడానికి పెట్టిన నియమమే అది. అయినా వరసలో నిలబడ్డప్పుడు అదే గుర్తు వాళ్ళను మిగతా ప్రయాణికుల నుంచి వేరుచేస్తుంది. చదువుకున్నవాడికి పాసుపోర్టు హక్కు, చదువులేనివాడికి పరీక్ష.

పనికి పోయిన వాళ్ళలో కొందరు శవపేటికల్లో తిరిగివస్తారు. శవపేటిక ప్రయాణికుల ద్వారం నుంచి రాదు, కార్గోలో వస్తుంది. సరుకుకు ఉన్నట్టే దానికీ రవాణా పత్రం, తూకం ఉంటాయి. బయట ఊరి నుంచి వచ్చిన నలుగురు, అంబులెన్సు డ్రైవరు ఎదురుచూస్తుంటారు. అమెరికా కొడుకు కోసం కళ్ళు ఒత్తుకునే తల్లికి మన కథల్లో ఎంతో చోటు ఇచ్చాం. అదే ఆవరణలో, మరో గేటు దగ్గర, కాగితాల మీద వేలిముద్ర వేసే తల్లికి ఎంత చోటిచ్చాం?

ఇక్కడ సాహిత్య విద్యార్థులు ఒక అపోహలో పడకూడదు. నేను చెప్పిన సంగతులన్నీ పాత్రల నోట ఉపన్యాసాలుగా పెడితే మంచి కథ రాదు. వీడ్కోలు కథలోని కన్నీళ్ళు ఎంత అరువువో, నినాదాల కథలోని కోపమూ అంతే అరువు. రచయితకు కావలసింది పరిజ్ఞానం. రాత్రి రెండు గంటలకు విమానం కడుపులోంచి సామాను దించే కాంట్రాక్టు కార్మికుడి జీతం ఎవరిస్తారు, విమాన కంపెనీయా, విమానాశ్రయ కంపెనీయా, మధ్య కాంట్రాక్టరా? టెర్మినల్‌లో మరుగుదొడ్లు కడిగే స్త్రీ ఏ ఊరు నుంచి, ఏ బస్సులో వస్తుంది? ఆమె తండ్రి పొలం ఏ రన్‌వే కింద ఉంది? క్యాబ్ నడిపేవాడు ఆ రోడ్డు మీద పార్కింగుకు ఎంత కడతాడు? ఈ వివరాలు తెలిసిన రచయిత వాటిలో పదోవంతు కథలో పెట్టినా చాలు, మిగతా తొమ్మిది వంతులు వాక్యాల వెనక పనిచేస్తాయి. తెలియనివాడు ఎంత శిల్పం చేసినా గాజు తలుపు దగ్గరే ఆగిపోతాడు.

బేగంపేట, శంషాబాదుల కథ విమానాలతో మొదలవుతుందని అనుకుంటాం. నిజానికి అది నేలతో మొదలవుతుంది. ప్రభువు కాలంలో నేల ఎవరిదని అడిగే ధైర్యం తెలంగాణ రైతుకు వచ్చింది, మన సాహిత్యం ఆ ప్రశ్నను అందుకుంది. కంపెనీ కాలంలో అదే ప్రశ్న లీజు పత్రాల భాషలో, రుసుముల లెక్కల్లో, షరతుల కిలోమీటర్లలో దాగి ఉంది. ఆ భాష చదవడం నేర్చుకోవడం ఇప్పుడు రాస్తున్నవాళ్ళ పని. ఎక్కడినుంచి మొదలుపెట్టాలని నన్ను అడిగితే, గొల్లపల్లి నుంచి మొదలుపెట్టమంటాను. రన్‌వే అంచున ఉన్న ఆ ఊరి పెద్దమనుషులు ఇంకా బతికే ఉన్నారు. తమ బావులెక్కడ ఉండేవో, ఏ పొలంలో జొన్న పండేదో, ఏ గట్టు మీద పంచాయితీ జరిగేదో వాళ్ళు చెప్పగలరు. వాళ్ళు ఉండగానే పోయి వినాలి.